కడుపు ఎవరిదండీ?

విజయవాడ వన్ టౌన్‌లో కడుపు ఎవరికీ చెడదు. వాళ్ళ బావమరిదికి చెడుతుంది. బావమరిది లేనివాళ్ళకి పక్కింటాయన ఉంటాడు, పక్కింటాయన ఊరెళ్తే షాపులో గుమాస్తా ఉంటాడు. మెడికల్ షాపు కౌంటరు వెనక నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. దగ్గునీ జలుబునీ జనం దర్జాగా సొంతం చేసుకుంటారు. మోకాళ్ళ నొప్పి గురించైతే, వెనకాల పదిమంది నిలబడి ఉన్నా సరే, అడక్కుండానే మొత్తం చెప్తారు. కడుపు దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు తగ్గుతుంది, చూపు పక్కకి పోతుంది, "మావాడికండి" అనే మాట వస్తుంది.

నా పేరు రత్నకుమారి, ఫార్మసిస్టుని. రిటైరయ్యాను. ఇప్పుడు ఆ కౌంటర్లో మా ఓనరు ఖాదర్ గారి మనవరాలు అఫ్రీన్ కూర్చుంటోంది. ఫార్మసీ చదివొచ్చిన పిల్ల, మందుల పేర్లు నాకంటే బాగా తెలుసు. "ఆంటీ, పుస్తకాల్లో లేనిదేమన్నా ఉంటే రాసివ్వండి" అంది. నాకు ప్రమోషన్లు రాలేదు కాబట్టి వాటి గురించి రాసే ప్రమాదం లేదు. కడుపుల గురించి మాత్రం చాలా తెలుసు, అవే రాస్తున్నాను. చదువుతూ నవ్వొస్తే నవ్వుకోండి, నేనూ నవ్వుతూనే రాస్తున్నాను.

ఖాదర్ గారి ప్రశ్న

ఖాదర్ గారు సన్నగా, తెల్ల లాల్చీ పైజామాతో, ఎప్పుడూ తొందర లేకుండా ఉండేవారు. ఎవరైనా వచ్చి "ఒక గ్యాస్ మాత్ర ఇవ్వండి" అంటే ఆయన చెయ్యి అర వైపు వెళ్ళేది కాదు. కళ్ళజోడు పైనుంచి చూసి, ఎంతో మర్యాదగా, "కడుపు ఎవరిదండీ?" అనేవారు. కొత్తగా చేరిన రోజుల్లో నాకు ఆ ప్రశ్న వింటే నవ్వాగేది కాదు. అరల వెనక్కి వెళ్ళి నోటికి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని.

ఎవరి కడుపో తేలాక మిగతావి అడిగేవారు. వయసెంత, ఎప్పట్నుంచి, జ్వరముందా, రక్తం పడుతోందా, రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా, ఆడవాళ్ళయితే నెల తప్పారా. ఆయన్ని చూసి నేర్చుకుని నేనూ మొదలుపెట్టాను. కంగారులో ఒకసారి బియ్యం హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన్ని కూడా నెల తప్పారా అని అడిగేశాను. ఆయన కాసేపు సీరియస్‌గా ఆలోచించి "లేదండి" అన్నాడు.

ఇంకొకాయన "మా బాబుకి మోషన్సండి, గట్టి మాత్రేదైనా ఇవ్వండి" అన్నాడు. బాబు అనగానే నేను బిగుసుకున్నాను, ఎందుకంటే పిల్లలకి విరేచనాలు ఆపే మాత్ర ఇవ్వనే కూడదు. "బాబు వయసెంతండీ?" అన్నాను. "వచ్చే నెల్లో పెళ్ళండి" అన్నాడు. బాబు బయట బైక్ మీద, నిండు మీసాలతో, మావైపు చూడకుండా కూర్చుని ఉన్నాడు.

ఒక్కసారి మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. స్టీలు సామాన్ల షాపావిడ ఒకామె వచ్చి "మా ఇంట్లో ఒకళ్ళకి గ్యాస్ పట్టేసిందండి, జెల్ సీసా ఇవ్వండి" అంది. ఖాదర్ గారు తన ప్రశ్న అడిగారు. ఆవిడ వీధి వైపు చూపించింది. ఆవిడ భర్త తోపుడుబండి మీద కూర్చుని, చొక్కా తడిసిపోయి, ఎడమ చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఖాదర్ గారు జెల్ ఇవ్వలేదు, ఆటో పిలిచారు. ఆయనతోపాటు ఎక్కి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. గుండెపోటు. మనిషి బతికాడు, ఇప్పటికీ మా షాపు ముందు నుంచి వెళ్తూ చెయ్యెత్తి దణ్ణం పెడతాడు. గుండెల్లో బరువు, చెమటలు, చేతిలోకో దవడలోకో పాకే నొప్పి ఉంటే అది గ్యాస్ అని మనకి మనం చెప్పుకోకూడదు. అమ్మాయ్ అఫ్రీన్, ఈ ఒక్క పేరా రెండుసార్లు చదువు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగందే మాత్రైనా ఇవ్వకూడదన్నది మా షాపు సామెత. దీనివల్ల నష్టం కూడా ఉంది, దాచను. "ఇక్కడ మాత్ర కొనాలంటే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళినట్టుంటుంది" అని చాలామంది పక్క షాపులకి పోయారు. అలా పోయినవాళ్ళలో మా వదిన కూడా ఉంది. ఆవిడ సంగతి తర్వాత.

చెరుకు రసం

ఉయ్యూరు దగ్గర్నుంచి ఒక చెరుకు రైతు వచ్చేవాడు. సరుకు కొనడానికి వన్ టౌన్ వచ్చినప్పుడల్లా మా షాపు మెట్టు మీద కాసేపు కూర్చునే అలవాటు. ఒకసారి వాళ్ళావిడకి విరేచనాలంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇచ్చాను. వారంలోపే మళ్ళీ వచ్చి "మీ పొడి పనిచెయ్యలేదండి, ఇంకా ఎక్కువైంది" అన్నాడు.

"ఎలా కలిపారండీ?"

"మంచిగానే కలిపానండి. నీళ్ళల్లో ఏముంది బలం? మా చేలోదే, అప్పుడే ఆడించిన చెరుకు రసంలో కలిపి పట్టించా."

ఆయన మొహంలో ఎంత ప్రేమ కనిపించిందంటే, తిట్టడానికి నోరు రాలేదు. ఆ పొడిలో ఉప్పూ పంచదారా తూకం వేసి పెడతారు. ఇంకా తీపి కలిస్తే పేగు నీళ్ళని లోపలికి తీసుకోవడం మానేసి ఉన్నవి కూడా బయటికి పంపిస్తుంది. పెద్ద ప్యాకెట్టయితే మొత్తం ప్యాకెట్టు ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి. ప్యాకెట్టు మీద వేరే కొలత ఉంటే ఆ కొలతే. సగం ప్యాకెట్టు గ్లాసులో, మిగతా సగం సాయంత్రానికి అనేది పనికిరాదు. సోడా వద్దు, పాలు వద్దు, కూల్‌డ్రింకు వద్దు. కలిపింది మర్నాటికి పారబోయాలి. గుక్కెడు గుక్కెడు తాగాలి. ఇది చెప్పడానికి కౌంటరు మీద ఎప్పుడూ ఒక ఖాళీ లీటరు సీసా పెట్టుకునేదాన్ని. సీసా చూపించకపోతే మనవాళ్ళు లీటరుని ఎవరికి తోచినట్టు వాళ్ళు కొలుస్తారు.

కడుపు కాస్త చెడితే నూటికి తొంభైసార్లు కావలసింది ఇదే. నీళ్ళు పోతున్నాయి, నీళ్ళు పొయ్యాలి. పెరుగన్నం, ఇడ్లీ, విశ్రాంతి. కానీ జనానికి నీళ్ళంటే మందులా అనిపించదు. షీటు చింపి మాత్ర చేతిలో పెడితేనే వైద్యం జరిగినట్టుంటుంది. మిగిలిపోయిన యాంటీబయోటిక్ మాత్రలు ఫ్రిజ్ మీద డబ్బాలోంచి తీసి పంచుకునే వీధులు నాకు తెలుసు. ఉలవచారు, మీగడ, గుత్తివంకాయ మూడూ దట్టించి, పైన రోజూ యాంటాసిడ్ వేసుకునే పెద్దమనుషులూ తెలుసు. వాళ్ళకది భోజనంలో చివరి వంటకం. థైరాయిడ్ మాత్రకీ ఐరన్ మాత్రకీ యాంటాసిడ్‌కీ మధ్య గంటల ఎడం ఉండాలని, వారాల తరబడి మంట తగ్గకపోతే డాక్టరుకి చూపించాలని, కడుపు నొప్పికి ఒళ్ళు నొప్పుల మాత్ర వేస్తే కడుపు ఇంకా మండుతుందని చెప్పీ చెప్పీ నా గొంతు అరిగింది.

అందరికీ ఒకటే చీర

ఇప్పుడు మా వదిన. పేరు గ్రేసమ్మ, మా ఆయనకి అక్క. మా చర్చిలో ఆడవాళ్ళ గాయక బృందానికి నాయకురాలు. ఆవిడ పద్ధతి ఏమిటంటే బృందంలో అందరికీ అన్నీ ఒకేలా ఉండాలి. ఒకటే రంగు చీర, ఒకటే రంగు గాజులు, జడ కూడా ఒకే పక్కకి. నా గొంతు సంగతి తెలుసు కాబట్టి నాకు తాళాలు ఇచ్చింది. అవి కూడా మెల్లిగా వాయించమంది.

ఒక ఏడాది ఉయ్యూరులో మూడు సాయంత్రాల ప్రార్థన కూటాలు. పెద్ద పాటలో ఒంటరిగా పాడే భాగం ఎప్పుడూ వదినదే. అది ఆ ఏడాది మొదటిసారి ప్రసన్నకి ఇచ్చింది. ప్రసన్న స్కూల్లో టీచరు, మెత్తటి పిల్ల, గొంతు విప్పితే మాత్రం వీధి చివర కుక్కలు కూడా ఆగి వినేవి. ఆ పాట కోసం ఆ పిల్ల నెలల తరబడి సాధన చేసింది, చల్లనీళ్ళు మానేసింది, స్కూల్లో పిల్లల మీద అరవడం కూడా మానేసింది.

ఆదివారం ఆరాధన తర్వాత ప్రేమ విందు జరిగింది. ప్రేమ విందంటే చర్చిలో అందరూ కలిసి కూర్చుని తినే భోజనం. కోడికూర తెల్లవారుజామున వండి, వేడిమీదే మూత పెట్టి, మధ్యాహ్నం దాకా అలాగే ఉంచారు. ప్రేమలో లోటు లేదు, కూరలోనే ఏదో వచ్చింది. మంగళవారం బస్సెక్కేసరికి సగం బృందం ముఖాలు వాడిపోయి ఉన్నాయి.

బస్సు బెంజి సర్కిల్ దాటగానే వదిన లేచింది. హ్యాండ్‌బ్యాగులోంచి మాత్రల షీట్లు తీసి, ముందు సీటు నుంచి మొదలుపెట్టి, పిప్పరమెంటు బిళ్ళలు పంచినట్టు ఒక్కొక్కళ్ళ చేతిలో ఒక్కోటి పెడుతోంది. నా దాకా వచ్చాక చూశాను. విరేచనాలు ఆపే మాత్ర. అసలది డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సింది, కానీ అడిగితే ఇచ్చేసే కౌంటర్లకి కొదవా?

"వదినా, ఇదెక్కడిది?"

"మీ షాపుది కాదులే. మీ షాపుకొస్తే కడుపెవరిదంటావ్, జ్వరమెంతంటావ్. నాకంత టైం లేదే రత్నం."

"బాగున్నవాళ్ళకి కూడా ఇస్తున్నారేంటి?"

"ఒకళ్ళకిచ్చి ఒకళ్ళకివ్వకపోతే బాగోదు. దారిలో బస్సాపమని ఎవ్వరూ అడక్కూడదు. స్టేజి మీద ఎవ్వరూ కదలకూడదు. అందరికీ ఒకటే."

అదన్నమాట. చీరలాగే మాత్ర కూడా యూనిఫారం.

పక్కావిడ సంగతి

నేను లేచి నిలబడ్డాను. బస్సు ఊగుతోంది, చేతిలో తాళాలు. "ఎవరూ ఇంకా మింగకండి. జ్వరం ఉన్నవాళ్ళు, రక్తం పడుతున్నవాళ్ళు ఇది వేసుకోకూడదు. అలాంటివాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాను.

కిటికీల్లోంచి కానూరు కట్టడాల్ని అంత శ్రద్ధగా చూసిన ప్రయాణికుల్ని నేనెప్పుడూ చూడలేదు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్ది. నలుగురిలో ఆ మాటలేంటే?" అంది వదిన.

ఆవిడ మాటా నిజమే. నలుగురిలో ఎవరు చెప్తారు? అప్పుడు మా షాపులో రోజూ వినే ఆ బావమరుదులంతా గుర్తొచ్చారు. మనవాళ్ళు సొంత కడుపు గురించి నోరు విప్పరు గానీ, పక్కవాళ్ళ కడుపు గురించి అడిగితే? మొదటి సీటు దగ్గరికి వెళ్ళి కిటికీ పక్కనున్నావిణ్ణి మెల్లిగా అడిగాను. "మీ పక్కావిడకి ఎలా ఉందండీ?"

ఇక చూడండి. "అయ్యో, ఆవిడ రాత్రంతా తిరుగుడేనండి. వాళ్ళాయన చెప్పాడు." వెంటనే పక్కావిడ, "నా సంగతి సరే, ఈవిడ పొద్దున్న రెండుసార్లు చీర మార్చింది" అంది. సీటు సీటుకీ ఇదే వరస. నిమిషాల్లో బస్సంతా ఒకరి కడుపు గురించి ఒకరు ఉత్సాహంగా సాక్ష్యం చెప్పేశారు. పెనమలూరు వచ్చేసరికి మొత్తం బృందం ఆరోగ్యం నాకు తెలిసిపోయింది, కొన్ని కుటుంబ రహస్యాలు కూడా తెలిశాయి. చాలామందికి మామూలు తేడానే, జ్వరం లేదు, రక్తం లేదు. కొంతమందికి అసలేమీ లేదు, విందులో కూర ముట్టకుండా పులిహోర మాత్రమే తిన్నారు. వాళ్ళు అప్పటికే మాత్ర మింగేసి కూర్చున్నారు.

వెనక సీట్లో ప్రసన్న పక్కన కూర్చున్నావిడ గొంతు తగ్గించింది. "ఈ పిల్ల ఒళ్ళు కాలిపోతోందండి. నా మీద వాలితే తెలిసింది."

ప్రసన్న కళ్ళు మూసుకుని ఉంది. పెదాలు ఎండిపోయాయి. పక్కావిణ్ణి లేపి నేను కూర్చున్నాను. కిటికీ వైపే చూస్తూ అడిగాను.

"అమ్మాయ్, మీ ఫ్రెండ్స్‌లో ఎవరికైనా రక్తం పడుతోందా?"

"మా ఫ్రెండొకావిడకి పడుతోందాంటీ. నిన్నట్నుంచి" అంది.

"ఆవిడ మాత్ర వేసుకుందా?"

"ఇంకా లేదాంటీ. చేతిలోనే ఉంది." గుప్పిట విప్పింది. మాత్ర చెమటకి కరిగి అరచేతిలో ముద్దయి ఉంది. "వేసుకుంటే ఆవిడ పాడొచ్చు కదాంటీ. మూడు గంటలు ఆగితే చాలు. తర్వాత ఏమైనా పర్లేదు."

లోపల క్రిములు పుండు చేస్తుంటే, వాటిని బయటికి పోనివ్వకుండా తలుపుకి గొళ్ళెం పెట్టడమే ఆ మాత్ర చేసే పని. పైకి ఆగినట్టుంటుంది, లోపల ముదురుతుంది. పేగు ఉబ్బిపోయి ప్రాణం మీదికొచ్చినవాళ్ళున్నారు. ఇదంతా నెమ్మదిగా చెప్పాను. ఆ పిల్ల విని, ఏడుస్తూ, "చెప్తే పాట మళ్ళీ గ్రేసమ్మ గారు పాడేస్తారు. ఇంకెప్పుడూ నాకు రాదు" అంది. భయం రోగం గురించి కాదు, పాట గురించి.

నేను వెళ్ళి వదిన చెవిలో చెప్పాను. నిజం ఒప్పుకోవాలి, ఆవిడ సంతోషిస్తుందేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. వదిన లేచి వెనక్కి నడిచింది. ప్రసన్న చెయ్యి తీసుకుని, ఆ తెల్లటి ముద్దని తన కొత్త యూనిఫారం చీర కొంగుతో శుభ్రంగా తుడిచేసింది. తర్వాత డ్రైవర్ని కేకేసింది.

"బాబూ, కంకిపాడులో ఆసుపత్రి ముందు ఆపు. బస్సాపమని నేనే అడుగుతున్నా."

ప్లాస్టిక్ కుర్చీ

కంకిపాడులో డాక్టరు పరీక్ష చేసి, సెలైన్ పెట్టి, తగిన మందు రాశాడు. ఆపే మాత్ర వేసుకుందా అని మొదట అదే అడిగాడు. వేసుకోలేదంటే, "మంచి పని చేశారు" అన్నాడు. నేను ప్రసన్న దగ్గర ఆగిపోయాను. బస్సు కదిలేముందు నా బ్యాగులో ఉన్న ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అందరికీ పంచి, లీటరు సీసాలు చూపించి కలిపించాను. నాయకురాలి బలవంతం మీద అవి కూడా అందరూ ఒకేసారి తాగారు.

ఆ సాయంత్రం ఏం జరిగిందో తర్వాత విన్నాను. పాస్టరు గారు, "ప్రసన్న రాలేదుగా, ఆ పాట మీరే పాడండి గ్రేసమ్మ గారూ" అన్నారట. వదిన, "అది ప్రసన్న పాటండి. ఇవాళ కోరస్ మటుకే. పిల్ల లేచాక పాడుద్ది" అందట. రెండో రోజూ అదే మాట. నాకది విని వదిన మీద అప్పటిదాకా ఉన్న చిన్న చిన్న కోపాలన్నీ పోయాయి, తాళాల సంగతితో సహా.

మూడో రోజు డాక్టరు సరేనన్నాక ప్రసన్న వచ్చింది. స్టేజి మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కుర్చీ కింద లీటరు సీసా పెట్టుకుని పాడింది. నేను తాళాలు వాయించడం మర్చిపోయి విన్నాను. పాట బాగుపడటానికి అదీ ఒక కారణమని వదిన అంది.

ఇక అవసరం లేకుండా మాత్ర మింగినవాళ్ళ సంగతి. ఆ మూడు రోజులూ వాళ్ళకి కడుపు కదలనే లేదు. స్టేజి మీద కనుబొమలు ముడిచి, ఎంతో గంభీరంగా నిలబడ్డారు. ఉయ్యూరు జనం వాళ్ళ భక్తికి ముగ్ధులైపోయారు.

నా వంతు

ఈ కథ అఫ్రీన్‌కి ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ చివర ఒక నీతి కూడా తగిలించేదాన్ని. సిగ్గుపడకూడదు, కడుపు మనదే అని చెప్పుకోవాలి, చెప్పుకుంటేనే సరైన మందు దొరుకుతుంది అని.

మొన్న మా చర్చిలో మళ్ళీ ప్రేమ విందు. కూర తాజాదే, వదిన దగ్గరుండి వండించింది. కానీ నేను రెండుసార్లు, వదిన మూడుసార్లు వడ్డించుకున్నాం. సాయంత్రానికి నా కడుపు బెలూనైంది, పుల్లటి తేన్పులు. మెల్లిగా నడుచుకుంటూ షాపుకెళ్ళాను. కౌంటర్లో అఫ్రీన్. పక్కన ఇద్దరు కుర్రాళ్ళు ఏదో కొంటున్నారు.

"యాంటాసిడ్ ఇవ్వమ్మా" అన్నాను.

అఫ్రీన్ చెయ్యి అర వైపు వెళ్ళలేదు. కళ్ళజోడు పైనుంచి చూసింది, అచ్చం వాళ్ళ తాతలా. "కడుపు ఎవరిదాంటీ?"

కుర్రాళ్ళు నావైపు తిరిగారు. నా గొంతు తగ్గింది, చూపు పక్కకి పోయింది.

"మా వదినదమ్మా" అన్నాను.

అఫ్రీన్ పెదవి బిగబట్టింది, కానీ భుజాలు ఊగుతున్నాయి. "మీ వదిన గారు ఇప్పుడే వచ్చి వెళ్ళారాంటీ" అంది. "పాపం మీకు అస్సలు బాగోలేదని చెప్పి, మీ పేరు మీద మాత్రలు తీసుకెళ్ళారు."

మెట్టు మీద కూర్చుండిపోయి, పొట్ట పట్టుకుని, ఆ ఉబ్బరంతోనే కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. అఫ్రీన్ అంతసేపూ ఓపిగ్గా నిలబడింది. నవ్వాగాక మళ్ళీ అడిగింది, ఎంతో మర్యాదగా.

"ఇప్పుడు చెప్పండాంటీ. కడుపు ఎవరిదండీ?"

"నాదేనమ్మా" అన్నాను.